ఆరో వరస

ఆయనను ప్రెస్సులో అందరూ డేగకన్ను అనేవారు. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. ఒత్తు జారినా, సున్నా ఎగిరిపోయినా ఇట్టే పట్టేసేవాడు. ఆయన కూతురు కళ్ల పరీక్షల చదువు చదివి, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి తల్లి ఆసుపత్రిలో ఉందని మధ్యలోనే లేచి వచ్చేసింది. రెండోసారి తల్లి లేదన్న దిగులుతో పుస్తకం ముట్టలేకపోయింది. మూడోసారీ తప్పితే చదువంతా మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని ఆర్నెల్లపాటు, సాయంత్రం కాగానే నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, గోడనున్న అక్షరాల అట్ట చదివిస్తూ సాధన చేసింది.

"ఆరో వరస చెప్పు నాన్నా."

"గ, వ, ద, ప, న. చాలా? అచ్చుతప్పులు కూడా దిద్దమంటావా?"

"ఒక్కసారి కంట్లో చుక్కలేసి లోపల కూడా చూస్తాను."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదే తల్లీ. ముందు పాసవ్వు."

పిచ్చిపిల్ల, నమ్మింది. ఆయన గుమ్మానికి భుజం కొట్టుకున్నా, నీళ్లు గ్లాసు పక్కన పోసినా వయసే కదా అనుకుంది. అదే పరీక్షలో అడిగితే ఆ జబ్బు పేరు నిద్రలో లేపినా చెప్పేది.

ఈసారి గట్టెక్కింది. లైసెన్సు చేతికొచ్చిన రోజే దానికి అద్దం కట్టించి వీధిగదిలో పెట్టింది. పక్కన కొత్త అట్ట తగిలించి, "మొదటి పేషెంటువి నువ్వే" అంటూ నాన్నను కూర్చోబెట్టింది. ఆరో వరస చదవమంది.

"గ, వ, ద, ప, న" అన్నాడాయన గడగడా.

కొత్త అట్టలో ఆరో వరస ర, చ, ల, ట, మ.

"ఎప్పటినుంచి నాన్నా?"

"నువ్వు రెండోసారి తప్పినప్పటినుంచి. కాస్త కనిపిస్తుండగానే ఆ పాత అట్ట బట్టీ పట్టేశాను. చెబితే మీ అమ్మకోసం తిరిగినట్టే నాకోసమూ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతావని..."

ఆమె చుక్కలేసి లోపల చూసింది. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం పాలిపోయింది. ఏడాది కిందట చూసి ఉంటే ఆపగలిగేది. పోయిన చూపు ఇక తిరిగి రాదని మొన్న పరీక్షలో తనే రాసింది. దానికి పూర్తి మార్కులు కూడా వేశారు. ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకోవే. ఆ లైసెన్సేదీ, చూపించు."

చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిపించింది. ఆయన అద్దం మీద వేలు పెట్టి, "నీ పేరు ఏ వరసలో ఉంది?" అన్నాడు.

"మూడో వరసలో."

"చదువు. తప్పులున్నాయేమో చూస్తాను."

ఆమె ఒక్కో అక్షరమే చదివింది. ఆయన చివరిదాకా విని, తల ఊపాడు.

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడు.