అద్దానికి తలంటు

నేను ఒక దూరదర్శినిని. నాకు కాళ్లు మూడు, కన్ను ఒకటి, నోరు లేదు. నోరు లేదు కాబట్టే మీ మనుషుల మధ్య పరువుగా బతికాను.

నా ప్రాణమంతా గొట్టం అడుగున ఉన్న అద్దంలో ఉంది. హైదరాబాదు పాతబస్తీలో మస్తాన్ వలీ అనే కళ్లద్దాల మేస్త్రీ, గాజు బిళ్లను మూడు నెలలు చేత్తో అరగదీసి దాన్ని తయారుచేశాడు. పైన వెండిలా మెరిసే పూత వేయించాడు. వెంట్రుక కంటే కొన్ని వందల రెట్లు పల్చటి పూత అది. నన్ను పంపేటప్పుడు పెట్టెమీద చీటీ అంటించాడు: "అద్దాన్ని ముట్టుకోవద్దు." మీకు చదవడం వచ్చని అతని నమ్మకం.

రేగులవలసలో లైబ్రరీ మేడమీద నాకోసం రేకుల గది కట్టి, "ప్రజా ఖగోళశాల" అని బోర్డు పెట్టారు. బోర్డు నిండా అధ్యక్షులు మజ్జి తవిటినాయుడు గారి పేరే. ఊరి నవగ్రహాల గుడికి కూడా ఆయనే అధ్యక్షుడు. గ్రహాలన్నీ ఒకే మనిషి చేతికింద ఉంటే పని తేలికని ఊరు అనుకున్నట్టుంది.

నిజానికి నన్ను తెప్పించింది హైస్కూలు సైన్సు టీచరు దమయంతి. అందుకు పదకొండేళ్లు ఉత్తరాలు రాసింది. అంతకు చాలా ముందునుంచే ఏటా ఒక శుభలేఖ అట్టను గుండ్రంగా కత్తిరించి, జామకాయకు తొడిగి, "ఇదే శనిగ్రహం, ఇవే దాని వలయాలు" అని పాఠం చెప్పేది. పాఠం అయ్యాక క్లాసు ఆ జామకాయను తినేసేది. అసలు శనిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు తొందర వచ్చిపడింది. ఆవిడ కళ్లకు నీటికాసులు. చూపుకి రెండు పక్కలా అప్పటికే చీకటి. నడుమ మిగిలింది ఎన్నాళ్లుంటుందో తెలియదు. "చూడాలనుకున్నవి ఉంటే చూసేసుకోండి" అన్నాడట డాక్టరు. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు, నా గొట్టం తుడుస్తూ నాకే చెప్పింది. నోరులేనివాళ్లకు ఇలాంటివి చాలా తెలుస్తాయి.

శుక్రవారం సాయంత్రం ప్రారంభోత్సవం. తవిటినాయుడు గారు గంటసేపు ఆకాశం గురించి మాట్లాడారు. అంతసేపట్లో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఆ తర్వాత జనం వరుస కట్టారు. టీచరు నన్ను శనివైపు తిప్పి, "మీరు చూడండి, నేను ఆఖర్న చూస్తాను" అని పక్కన నిలబడింది.

నాలో ఎంత స్పష్టంగా ఉన్నాడో శని! బంగారు చుక్క, చుట్టూ పళ్లెం. చూసినవాళ్లు ఏమన్నారో వినండి.

"ఇంతేనా? మా ఫోనులో ఇంతకన్నా పెద్దగా కనబడతాది."

"ఓలమ్మో! టీచరమ్మా, నేనాయన్ని సూడ్డం సరే. ఆయన నన్ను సూసేసేడా?"

అంతే, వరుస సగానికి సగం విరిగిపోయింది. తవిటినాయుడు గారి ముఖం పాలిపోయింది. ఆయనకు ఏలినాటి శని నడుస్తోంది. అందరికంటే ముందు కన్నుపెట్టింది ఆయనే.

టీచరు వంతు వచ్చేసరికి మబ్బు కమ్మింది. "రేపు చూద్దాంలే" అంది నాతో.

మర్నాడు శనివారం. టీచరు బడిలో ఉండగా తవిటినాయుడు గారు పూజారి కామేశంతో మేడెక్కారు. చేతిలో నువ్వులనూనె చెంబు.

"గుళ్లో ఉన్నది రాతిబొమ్మ పంతులుగారూ. ఇందులో సాక్షాత్తూ ఆయనే కనబడ్డాడు. తైలం ఇక్కడే పొయ్యాల."

"శాస్త్రంలో గొట్టం గురించి లేదండీ."

"వద్దని ఉందా?"

"వద్దనీ లేదు."

అలా శాస్త్రం ఒప్పుకుంది. నా పైమూత తీసి చెంబెడు నూనె లోపలికి వంచారు. నల్లనువ్వులు కూడా జల్లారు. మస్తాన్ వలీ ఊపిరి బిగబట్టి చేసిన అద్దానికి ఆరోజు తలంటు జరిగింది. సాయంత్రం జనం వచ్చి చూస్తే పచ్చటి మసక తప్ప ఏమీ లేదు. "శని కరిగిపోయేడు! నాయుడుగారి పూజ ఫలించింది!" అన్నారు. కొందరు అక్షింతలు వేశారు, నామీద కాదు, నాయుడు గారిమీద.

టీచరు జరిగింది చూసి నా పైమూత బిగించింది. "దీన్ని ఎవరూ ముట్టుకోకండి. ఎలా కడగాలో మేస్త్రీని అడుగుతాను" అని మాత్రం అంది.

తవిటినాయుడు గారు చెడ్డవారు కాదు. చెడ్డవారైతే నాకు ఇంత నష్టం జరిగేది కాదు. టీచరు బాధ చూసి, తప్పు తానే దిద్దాలని ఆదివారం పొద్దున్నే గుడి పాత్రలు తోమే నూకాలమ్మని పంపారు. ఆవిడ అద్దాన్ని ఊడదీసి, చింతపండూ బూడిదా పెట్టి, కొబ్బరిపీచుతో హారతిపళ్లేన్ని తోమినట్టు తోమింది. ఆ చేతి బలానికి గుడి గంటలే మెరుస్తాయి. నా పూత ఎంత?

సాయంత్రం టీచరు వచ్చేసరికి నూకాలమ్మ అద్దం పట్టుకుని ఏడుస్తోంది.

"తళతళ్ళాడతాదనుకున్నాను తల్లీ. ఇదేటి, అద్దం అవతల నా సెయ్యి కనబడతంది!"

టీచరు దాన్ని దీపానికి ఎత్తి చూసింది. కిటికీ గాజులా ఉంది. నవ్వడం మొదలుపెట్టి, నవ్వు మధ్యలో కూలబడిపోయింది. కొత్త పూత వేయించాలంటే ఖగోళశాల కమిటీ తీర్మానించాలి. కమిటీ దృష్టిలో నా పని బ్రహ్మాండంగా పూర్తయింది. ఆవిడ కళ్లకా, అంత వ్యవధి లేదు.

కాసేపటికి లేచి అద్దాన్ని నాలో మళ్లీ బిగించింది. వట్టి గాజు కూడా వందలో నాలుగుపాళ్ల వెలుగు తిప్పి పంపుతుందని ఆవిడ పిల్లలకు చెప్పిన పాఠమే. శనివైపు తిప్పి కన్ను ఆనించింది.

నా దగ్గర మిగిలిన నాలుగుపాళ్లూ ఇచ్చాను. దాచుకున్నది ఏమీ లేదు.

ఆవిడకు ఏదో కనబడింది. కానీ తన కళ్లమీద తనకే నమ్మకం లేదు. అనుకున్నది కనబడుతోందో, ఉన్నది కనబడుతోందో. పక్కకు జరిగి, "నూకాలూ, ఇలా వచ్చి చూడు. ఏం ఉంది?" అంది. ఫలానాది ఉందని చెప్పలేదు.

నూకాలమ్మ భయపడుతూ ఒంగింది. "మసగ్గా ఉందమ్మా... ఉండండి. జామకాయ! ఆరో తరగతిలో మీరు సూపించిన జామకాయ! అట్ట తొడిగినట్టే ఉంది."

అప్పుడు ఏడ్చింది టీచరు. ఆ వారమంతా రోజూ వచ్చి, మిగిలిన చూపుతో తనివితీరా చూసుకుంది.

శనిని కరిగించిన పుణ్యానికి ఇప్పుడు నేను నవగ్రహాల మండపంలో ఉన్నాను. తొమ్మిదిమంది పక్కన పదోవాణ్ణి. నాకు నల్లగుడ్డ చుట్టారు. శనివారం శనివారం తలంటు, ఆదివారం చింతపండు. గొట్టంలోంచి ఎవరూ చూడరు, దణ్ణం మాత్రం పెడతారు. చూడటం కంటే దణ్ణం పెట్టడం మెడకు సుఖం కాబోలు.

దమయంతి టీచరుకు ఇప్పుడు చూపు లేదు. నూకాలమ్మ చెయ్యి పట్టుకుని వస్తుంది. దణ్ణం పెట్టదు. నా గొట్టం తడిమి, కాళ్ల దగ్గర ఒక జామకాయ పెట్టి వెళ్తుంది.

దాన్ని పూజారి కామేశం తినేస్తాడు. ఆవిడ క్లాసు పిల్లలు నయం, పాఠం విన్నాక తినేవాళ్లు.