డల్సీ గ్లాసులో రెండో సెట్టు

మా ఊళ్ళో బొగ్గు కరెంటు ప్లాంటు మూసేశాక మొదట కుర్రకారు వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటే పిల్లలూ. పిల్లల పళ్ళే లేకపోతే ఇక్కడేం పనని క్లినిక్కులో చిన్న కుర్చీ అమ్మేసి, డెంటిస్టు మెల్‌బోర్న్ చెక్కేశాడు. కట్టుడు పళ్ళు చేసే నేను మిగిలాను. ఇప్పుడు నా దుకాణం కారు డిక్కీలోనే ఉంది. వృద్ధాశ్రమాల చుట్టూ తిరుగుతాను.

ఆ మంగళవారం పొద్దున్నే ఆశ్రమం నుంచి బినీత ఫోన్ చేసింది. నేపాల్ పిల్ల, పనిలో చేరి నెల కాలేదు. మా ముసలివాళ్ళకి ఇప్పుడు దిక్కు ఇలాంటి పిల్లలే.

"క్లైవ్ గారూ, అందరి పళ్ళూ ఒకే బేసిన్‌లో వేసి కడిగేశానండీ. ఏవి ఎవరివో తెలీట్లేదు. భోజనం టైముకి ఎవరివి వాళ్ళకి చేరకపోతే రేపట్నుంచి రావద్దంది మేనేజరమ్మ."

నవ్వొచ్చింది, వెంటనే మేనేజరు మీద ఒళ్ళు మండింది. సెట్ల మీద పేర్లు చెక్కుతానని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నా ఆవిడ వింటేనా.

వెళ్ళేసరికి తువ్వాలు మీద పదకొండు సెట్లు పరిచి ఉన్నాయి. కట్టుడు పళ్ళవాళ్ళు పదిమందే. పొగ తాగే పైపు కొరికి అరిగినవి బాయిలర్ల దగ్గర పనిచేసినాయనవి. ఎడమవైపే అరిగినవి స్కూల్ టీచరమ్మవి. ఒక్కొక్కటీ పట్టుకుని, నోళ్ళు తెరిపించి సరిచూస్తూ పోయాను. పదోది, అన్నిటికన్నా పాతది, డల్సీ ఆంటీది. ఆ రోజుల్లో మావైపు ఆడపిల్ల పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టే కానుక అదే. మొగుడికి పళ్ళ ఖర్చు ఉండకూడదని, బాగున్న పళ్ళన్నీ పీకించి కట్టుడు సెట్టు పెట్టించేవారు. డల్సీ ఆంటీకి పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నే చేశాడు. చిగుళ్ళ భాగం నేను రెండుసార్లు మార్చాను.

"మరి ఈ పదకొండోది ఎవరిది?" అంది మేనేజరు. "అది తేలేదాకా ఈ అమ్మాయి సంగతి తేలనట్టే."

బినీత మొహం పాలిపోయింది. నాకూ అంతుపట్టలేదు. సెట్టేమో నా చేతిపనే.

పొద్దుట్నుంచీ టీ కూడా ముట్టని డల్సీ ఆంటీ అప్పుడు నోరు విప్పింది. "ఒరేయ్ క్లైవూ, నా పళ్ళు నాకిచ్చావు సరే. నార్మ్‌వి ఏవిరా?"

నార్మ్ ఆవిడ మొగుడు. పోయి నాలుగేళ్ళయింది. నేను ఇంతసేపూ బతికున్నవాళ్ళ నోళ్ళతోనే సరిచూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది. ఆ సెట్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చేతిరుమాలుతో మెల్లగా తుడిచింది.

"తేలింది కదమ్మా," అంది మేనేజరుతో. "ఈ పిల్లని పంపేస్తే రేపట్నుంచి మా పళ్ళు నువ్వు కడుగుతావా?"

మేనేజరు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. బినీత కళ్ళు తుడుచుకుని గ్లాసులో మంచినీళ్ళు పోసి తెచ్చింది.

"రాత్రికి నావి కూడా ఇందులోనే వెయ్యి," అంది డల్సీ ఆంటీ, నార్మ్ పళ్ళు నీళ్ళలోకి జారుస్తూ. "ఆయనవీ అప్పటికే కట్టుడు పళ్ళే, పెళ్ళైన రాత్రి నుంచీ ఒకే గ్లాసు మాది. ఈసారి కడిగేటప్పుడు మమ్మల్ని విడదీయకమ్మా."