పెరట్లో సున్నాలు

నేను ఒక ఇంటి ప్లానును. ఇల్లు లేచేదాకా మమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు, గృహప్రవేశం కాగానే అటక మీదికి విసిరేస్తారు. మా జాతికి అది మామూలే, దానికి నేను ఏడవను. నా ఏడుపు వేరే. చెప్పాల్సిన మాట నా ఒంటి మీదే ఉండి కూడా, చెప్పాల్సిన రోజున చెప్పలేకపోయాను.

అమలాపురంలో వీరభద్రంగారి బల్ల మీద పుట్టాను. ఆయన డ్రాఫ్ట్స్‌మన్. పల్చటి ట్రేసింగు కాగితం పరిచి, నల్లసిరా పెన్నుతో గీసేవారు. పొరపాటు పడితే బ్లేడుతో గీకాలి, అదే చోట మళ్లీ గీకితే కాగితం చిరుగుతుంది. అందుకని ఏ గీత గీయబోయినా ముందు ఊపిరి బిగబట్టేవారు. వంటగది కాస్త ఇటు జరపండని ఎవరైనా వస్తే ఆయన మొహం చూడాలి!

నా మీద రాతలన్నీ ఇంగ్లీషే. కట్టించుకునేవాళ్లు తెలుగువాళ్లు, కట్టే మేస్త్రీ తెలుగువాడు, కిచెన్ అని రాయకపోతే మాత్రం అది ప్లానులా ఉండదట. ఒక్క చోట ఆ ఆచారం తప్పింది. ఇల్లు కట్టించుకుంటున్నది అడబాల సుబ్బారాయుడుగారు. వాళ్ల పెరట్లో పాత బావి ఉండేది. నీళ్లు ఉప్పెక్కాయని దాన్ని పూడ్పించారు. ఆయన భార్య మంగాయమ్మగారు పనిగట్టుకుని వీరభద్రంగారి దగ్గరికి వచ్చారు.

"ఆ బావి మీద రేపెవరూ ఏమీ కట్టకూడదండి. మేం ఉన్నా లేకపోయినా తెలియాలి కదా. కాయితం మీద రాసెయ్యండి."

వీరభద్రంగారు 'ఓల్డ్ వెల్' అని మొదలుపెట్టబోయారు.

"తెలుగులో రాయండి బాబూ. ఇంట్లోవాళ్లకి అర్థం కావద్దా?"

ఆయన సణుక్కుంటూనే రాశారు. బావికి గుర్తుగా ఒక సున్నా చుట్టి, పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా పెట్టారు: "ఇక్కడ పూడ్చిన బావి ఉంది. మీద ఏమీ కట్టకండి." ఒంటి మీద అన్ని గీతలున్నా నాకు ఆ రెండు ముక్కలంటేనే గర్వం. మిగతావన్నీ ఇంజినీర్ల కోసం. ఇవి మాత్రం మనుషుల కోసం.

తర్వాత రేకు గొట్టంలో చాలా కాలం పడుకున్నాను. సుబ్బారాయుడుగారు పోయారు, మంగాయమ్మగారూ పోయారు. ఇంటిని నూకరత్నం అనే ఆవిడ కొనుక్కుంది. దస్తావేజులతో పాటు నా గొట్టం కూడా ఆవిడ చేతికి వచ్చింది. భక్తిగా దేవుడి గది అటక మీద పెట్టింది గానీ మూత తీసి చూడలేదు.

నూకరత్నం కుట్టుపని నేర్పేది. వీధి అరుగు మీద మిషన్లు వేసుకుని, చుట్టుపక్కల ఆడవాళ్లందరూ అక్కడే బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవారు. జల్లు పడితే చాలు, బట్టలు ఎత్తుకుని లోపలికి పరుగు. పెరట్లో ఒక హాలు వేసుకోవాలి, గోడకి గోడ, ఫ్యానుకి ఫ్యాను ఉండాలి, ఎవరి బట్టా తడవకూడదు. అదే ఆవిడ కల. ఆ కల కోసమే నన్ను అటక దించింది.

గొట్టం మూత తీయకుండానే స్కానింగు షాపుకి పంపింది, అక్కడ నన్ను మిషన్లో వేసి లాగారు. అవతలికి వచ్చేసరికి నేను ఇద్దరినయ్యాను. కాగితాన్నేమో మళ్లీ గొట్టంలో దూర్చారు, పీడీఎఫ్‌నేమో వాట్సాప్‌లో ఇంజినీరు గోవర్ధన్‌కు పంపారు. పీడీఎఫ్‌గా నేను ఫొటోలో మనిషిని. చూడొచ్చు, జరపడానికి లేదు. జరపాలంటే కంప్యూటర్‌లో గీతగీతనీ కదపగలిగే క్యాడ్ డ్రాయింగుగా మారాలి. ఆ పని గోవర్ధన్ తన ఆఫీసులో ప్రశాంతి అనే అమ్మాయికి అప్పగించాడు.

సాఫ్ట్‌వేరు నన్ను నమిలింది. ఒక్కో గోడ ముక్కలుముక్కలై, మళ్లీ గీతగా అతుక్కుంది. కిచెన్‌ను కిచెన్ అనే చదువుకుంది. ఇంగ్లీషు దానికి వచ్చు. మంగాయమ్మగారి మాట దగ్గరికి వచ్చేసరికి దానికి అక్షరాలు కనబడలేదు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, వాటిని సున్నాలుగా, అరసున్నాలుగా, వంపులుగా విడగొట్టి బావి సున్నా చుట్టూ చల్లేసింది. నా నాలుకని నా కళ్లముందే తురిమినట్టయింది.

"సార్, పెరట్లో చాలా సర్కిల్స్ వచ్చాయండి. ఏంటివి?" అంది ప్రశాంతి.

గోవర్ధన్ వంగి చూశాడు. ప్లానుల్లో చెట్టుని సున్నాతోనే చూపిస్తారు. "చెట్లేమో. ఉండు, ఆవిడనే అడుగుదాం" అని ఫోన్ చేశాడు. అడిగాడు, కాదనను. "ఏవండీ, మీ పెరట్లో చెట్లుండేవా?"

"ఆయ్, ఉండేవండి! నిమ్మా, జామా, రెండు బొప్పాయిలూ. అన్నీ మొన్న గాలివానకి పోయాయండి."

నిజమే చెప్పింది పాపం. అబద్ధం ఆడినా బాగుండేది.

"అన్నీ తీసెయ్యమ్మా" అన్నాడు గోవర్ధన్, పీడీఎఫ్ మళ్లీ తెరిచి పోల్చి చూడకుండానే. ప్రశాంతి సున్నాలన్నిటినీ ఒకేసారి పట్టుకుని మీట నొక్కింది. పచ్చి తెలుగు పిల్ల, తెలుగు మాటని చెట్లనుకుని చెరిపేసింది. బ్లేడు లేదు, గీకుడు లేదు, ఊపిరి బిగబట్టడం అసలే లేదు. నా పెరడు తుడిచిన పలకలా అయింది. అందులో హాలు గీశారు, ఒక స్తంభం సరిగ్గా బావి గొంతు మీద నిలబడింది.

హాలు బ్రహ్మాండంగా వచ్చింది. ఆడవాళ్లు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. గుమ్మానికి ఎదురుగా, ఆ స్తంభం పక్కనే నూకరత్నం తన పాత తొక్కుడు మిషను వేసుకుంది. రెండో వర్షాకాలంలో, ముసురు పట్టి వదలని రోజుల్లో, ఒక మధ్యాహ్నం నేల కుంగింది. స్తంభం ఒరిగింది. మిషను తిరగబడి ఆవిడ మోకాలి మీద పడింది. తక్కినవాళ్లు అన్నాలకు వెళ్లబట్టి సరిపోయింది.

కాలికి కట్టుతో ఆవిడ మంచం మీద ఉండగా గోవర్ధన్ వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఒరిజినల్ ప్లాన్ ఉందా అండీ?" అన్నాడు. అటక మీంచి గొట్టం దించి, నన్ను దుప్పటి మీద పరిచారు. అతను గోడల కొలతలు వెతుకుతున్నాడు. ఆవిడ చూపు మాత్రం సరాసరి పెరటి మూలకే వెళ్లింది. మొత్తం కాగితంలో తను చదవగలిగింది అదొక్కటే మరి. కూడబలుక్కుని పైకే చదివింది.

"ఇక్కడ... పూడ్చిన... బావి ఉంది. మీద... ఏమీ... కట్టకండి."

గోవర్ధన్ తల వంచుకున్నాడు. ఆవిడ అతన్ని ఒక్క మాటా అనలేదు.

"తెలుగులోనే ఉందేంటండీ!" అంది. "ఇంగ్లీషు కాయితం, నాకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఒక్కసారైనా విప్పి చూడలేదండి నేను."

ఆ మాట నన్ను కోసేసింది. అటక మీద, ఆవిడ నెత్తి మీదే, ఆవిడ చదవగల మాటతోనే పడుకుని ఉన్నానే!

హాలుకు తాళం పడింది. ఆడవాళ్లు మళ్లీ అరుగు మీదే కుడుతున్నారు. జల్లు వస్తే మళ్లీ పరుగే. ఆ మోకాలితో నూకరత్నం ఇక మిషను తొక్కలేదు. కుర్చీలో కూర్చుని నోటితో నేర్పుతోంది. నన్ను అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకు వేలాడదీయించింది. కొత్తగా ఎవరు పని నేర్చుకోవడానికి వచ్చినా ముందు నా మీది ఆ రెండు ముక్కలు చదివించి, ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించనిస్తుంది. చదువుతుంటే వింటాను. ఎంత చక్కగా పలుకుతాయో ఆ అక్షరాలు!

గోవర్ధన్ కంప్యూటర్‌లో నా రెండో ఒళ్లు ఇంకా ఉంది. అందులో గోడలు నిటారుగా ఉన్నాయి, స్తంభం ఒరగలేదు. పెరట్లో ఒక్క సున్నా కూడా లేదు.