బ్రెగ్డా తమ్ముడు

జబ్బుతో యార్కో వేళ్ళు పట్టు తప్పాక వాడి వీడియో గేమ్ అక్క సైయా చేతికొచ్చింది. ఫిన్లాండ్‌లో కువోపియో ఊళ్ళోని ఆ ఇంట్లో వాడు సోఫా మీద దుప్పటి కప్పుకుని ఆజ్ఞలిస్తాడు, అక్క కంట్రోలర్ పట్టుకుని గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంది.

“ఎడమకి తల్లీ, ఎడమకి! మళ్ళీ బావిలో పడ్డావ్.”

“నీ గుర్రానికి కళ్ళు లేవురా, నన్నంటావేం?”

సైయా నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళింట్లో పేరు. అలాంటి మనిషి పొద్దున్నుంచి ఒక మాట దాచుకుని కూర్చుంది. పరీక్షల ఫలితం ఏదైనా సరే అక్కకే చెప్పమని, ఆమె నోటే వింటానని యార్కో డాక్టరమ్మతో ముందే అన్నాడు. ఆవిడ ఫోన్ చేసి మందులు ఇక పనిచేయవని చెప్పింది. తమ్ముడు అడిగితే సైయా, “ఇంకా చేయలేదురా, వాళ్ళకెప్పుడూ ఆలస్యమేగా,” అనేసింది. సాయంత్రం రైలుకి అమ్మ కూడా వస్తోంది. ఆమెకూ ఏమీ తెలియదు.

ఆటలో అసలు పని మంచురాజును చంపడం. ఆ రాజు సంగతి యార్కోకు పట్టదు. తోడుగా నడిచే గొడ్డలి పట్టిన ఆడమనిషి బ్రెగ్డా అంటే వాడికి ప్రాణం. బండెడు తింటుంది, నోరు తెరిస్తే బూతులే, ఎవరినీ లెక్కచేయదు. యుద్ధంలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కోవడం ఆమె సొంత గోడు. అది తీర్చకుండా కథ ముగిస్తే అదేం ఆట అని యార్కో పట్టుబట్టాడు.

ఆ మధ్యాహ్నం గుహ దొరికింది. బ్రెగ్డాను బయట నిలబెట్టి లోపలికి వెళితే రాళ్ళ కుప్ప, దాని మీద చిన్న ఇనుప టోపీ, టోపీ మీద తమ్ముడి పేరు. బయటికి రాగానే బ్రెగ్డా ఎదురొచ్చింది.

“ఉన్నాడా?”

తెర మీద రెండు జవాబులు. ‘చనిపోయాడు.’ ‘ఓడెక్కి దక్షిణానికి వెళ్ళాడట.’

“నీ ఇష్టం అక్కా,” అన్నాడు యార్కో.

సైయా రెండోది నొక్కేసింది. ఆలోచించి కాదు. పొద్దున అబద్ధం నోటికొచ్చినట్టే ఇప్పుడు వేలికొచ్చింది.

బ్రెగ్డా పగలబడి నవ్వింది, కావలించుకుంది, మూట భుజాన వేసుకుని రేవు దారి పట్టింది. పని పూర్తయిందని గంట మోగించి, ఆట దానంతటదే సేవ్ చేసేసుకుంది.

“వెనక్కి వెళ్ళొచ్చా?” అంది సైయా.

“మనం వెళ్ళం. తెలిసిందేగా.”

ఈ ఆట ఆడే మిగతావాళ్ళు ప్రతి మలుపుకూ ముందు విడిగా ఒక సేవ్ దాచుకుంటారు, నచ్చకపోతే వెనక్కెళ్ళి దిద్దుకుంటారు. యార్కో దృష్టిలో అది పిరికిపని. వాడికెప్పుడూ ఒక్కటే సేవ్, జరిగింది జరిగినట్టే. చేతులు బాగున్నప్పుడు పట్టిన పంతం అది, ఇప్పటికీ వదల్లేదు.

“రేవుకి పద. ఓసారి చూసొద్దాం.”

రేవులో వాన. బ్రెగ్డా ఒడ్డున నిలబడి, ఓడ దిగిన ప్రతివాణ్ణీ ఆపి తమ్ముడి ఆనవాళ్ళు చెబుతోంది. వాడు తల అడ్డంగా ఊపితే ఇంకొకడి దగ్గరికి పోతోంది. నోట్లో ఒక్క బూతు లేదు. సైయా ఆమెను పలకరించింది. నిజం చెప్పే వీలు ఆట ఇవ్వలేదు. ‘వెళ్ళొస్తాను’ ఒక్కటే ఉంది. నొక్కింది, మళ్ళీ పలకరించింది, మళ్ళీ అదే.

“ఇది ఇలా ఎంతకాలం అడుగుతుందిరా?”

“ఆట ఉన్నంతకాలం. పాపం, ఏడ్చే వీలు కూడా లేకుండా చేశాం దానికి.”

సైయా కంట్రోలర్ కింద పెట్టేసింది.

“డాక్టరమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది.”

వాడు తెరవైపే చూస్తున్నాడు. “ఊఁ.”

“మందులు పనిచేయట్లేదంట. వేరేవి కూడా లేవంట. నీకు అబద్ధం చెప్పానురా.”

“చెరువు మీద మంచు కరిగేదాకా ఉంటానా?”

ఉంటావని అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. సైయా దాన్ని అదుపులో పెట్టుకుంది.

“ఉండకపోవచ్చంది.”

తెర మీద బ్రెగ్డా మరొకణ్ణి ఆపింది.

“అమ్మకి నేనే చెబుతాను,” అన్నాడు యార్కో. “నీకు వదిలేస్తే ఆవిణ్ణి కూడా రేవులో నిలబెట్టేస్తావ్.”

అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. సైయా దుప్పట్లోకి దూరి వాణ్ణి గట్టిగా పట్టుకుంది, వాడు ఏడ్చినంతసేపూ పట్టుకునే ఉంది.