నంబరు వేయలేని ఖర్చు

మా అక్క కూతురు ఒక మంగళవారం పోయింది. పదిహేనేళ్లు. మనసు బాగాలేదని తనే నోరు తెరిచి చెప్పింది. మేమూ విన్నాం. మా ఊళ్లో అలాంటి పిల్లల్ని చూసేవాళ్లు లేరు కనుక నగరంలోని పెద్దాసుపత్రికి ఫోన్ చేశాం. పంతొమ్మిది రోజుల తర్వాతి తేదీ ఇచ్చారు. పదకొండో రోజున పోయింది. ఆ రోజు గురించి అంతకు మించి రాయను.

నెల తిరిగాక పురపాలక సంఘానికి దరఖాస్తు పెట్టాను. కోరింది ఒక్కటే. పిల్లలకు కష్టం వచ్చిన రోజునే, ఊళ్లోనే, వాళ్లతో మాట్లాడగల శిక్షణ పొందిన మనిషి ఒకరు కావాలి, జీతం సంఘం ఇవ్వాలి.

హెడ్ క్లర్కు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"మనిషికి మా దగ్గర పద్దు లేదు మాస్టారూ. వస్తువైతే ఇస్తాం."

"అదేమిటండీ?"

"ఇక్కడ ఇచ్చిన ప్రతిదాని మీదా నంబరు వేయాలి." ఆయన తన కుర్చీ తిప్పి, వెనక తెల్లరంగుతో వేసిన అంకెలు చూపించారు. బల్లకీ, చెత్తబుట్టకీ, గోడ గడియారానికీ కూడా ఉన్నాయి. "మనిషికి ఎక్కడ వేయమంటారు? చదువుకున్నవారు, మీరే చెప్పండి."

"మరి మీకు జీతం ఇస్తున్నారు కదా?"

"నేను పాత పద్దు మాస్టారూ. నేను దిగిపోతే ఆ పద్దు కూడా దిగిపోతుంది."

మనిషి మంచివాడే. ముందు గది అడగమనీ, గది వాడకంలో ఉందని చూపిస్తే వచ్చే ఏడాది మనిషిని అడగవచ్చనీ దారి చెప్పారు.

"పెళ్లికొడుకు దొరక్కుండానే పందిరి వేయిస్తున్నావన్నమాట" అంది అక్క. అయినా రెండో దరఖాస్తు తనే కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది.

గది వచ్చింది. ఎనిమిది కుర్చీలు, బల్ల, రెండు ఫ్యాన్లు, ఒక ఫోను, ఆకుపచ్చ పరదా. అన్నిటికీ నంబర్లు పడ్డాయి. పరదాకు వేసింది ఉతికితే పోయిందని మళ్లీ వేశారు. బయట పిల్లల మానసిక సహాయ కేంద్రం అని పెద్ద బోర్డు. లోపల మనిషి లేడు. బడి వదిలాక నేనే వెళ్లి తలుపు తీసేవాణ్ని. మూడో వారం ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, "డాక్టరుగారు టీకి వెళ్లారా?" అని అడిగింది. ఆమెకు పెద్దాసుపత్రి ఫోను నంబరు రాసిచ్చాను. నా చేతనైంది అదే.

బడ్జెట్ సమావేశానికి ముందు సంఘం ఛైర్మన్ గది చూడడానికి వచ్చారు, వెంట హెడ్ క్లర్కు, ఒక కుర్ర ఇంజినీరు, ఫొటోగ్రాఫరు. గది వాడకంలో ఉందనడానికి ఫొటో కావాలి. సలహా చెప్పేవారి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

"ఎవరో ఒకరు బాధపడుతూ కూర్చోవాలి" అన్నారు హెడ్ క్లర్కు, ఇంజినీరు వైపు చూస్తూ.

"నాకు సంబంధాలు చూస్తున్నారండీ. ఈ బోర్డు కింద నా మొహం కనిపిస్తే ఇక నా పెళ్లి అయినట్టే. మీరు కూర్చోవచ్చుగా?"

"నాకు ప్రమోషన్ ఉంది."

ఫొటోగ్రాఫరు ఎవరూ అడక్కముందే కెమెరా వెనక దాక్కున్నాడు.

"కాసేపు కూర్చుంటే ఏదో అంటుకునేటట్టు మాట్లాడతారేంటయ్యా" అని ఛైర్మన్ తనే వచ్చి నాకు ఎదురుగా కూర్చున్నారు.

"పెదాలు కదలాలి సార్, ఏదో ఒకటి మాట్లాడండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఏం మాట్లాడను? ఎండలు మండిపోతున్నాయి. కుళాయిలో నీళ్లు సరిగ్గా రావడం లేదు."

"అది మన శాఖే సార్" అని వెనక నుంచి నెమ్మదిగా అందించారు హెడ్ క్లర్కు.

"మా చిన్నది గది గడియ తీయడం లేదు" అన్నారు ఛైర్మన్, అదే గొంతుతో. "నాలుగు నెలలైంది. గుమ్మం ముందు పళ్లెం పెడితే సగం తిని బయట పెట్టేది. నిన్నటి నుంచి పళ్లెం ముట్టుకోలేదు."

ఫొటో తీయడం ఎప్పుడో అయిపోయింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఇంజినీరు బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇప్పుడు ఏం చేయమంటారు మాస్టారూ?"

"నాకు తెలియదండీ. నేను లెక్కలు చెప్పేవాణ్ని. తెలిసినవాళ్ల కోసమే దరఖాస్తు పెట్టాను. అమ్మాయిని ఇవాళే నగరానికి తీసుకెళ్లండి. తేదీ ఇస్తామంటే ఒప్పుకోకండి, చూసేదాకా అక్కడే కూర్చోండి. మేం ఒప్పుకున్నాం."

ఆయన బల్ల మీది ఫోను అందుకుని, కారు సిద్ధం చేయమని ఇంటికి చెప్పారు.

ఈలోగా హెడ్ క్లర్కు ఫైల్లో నాలుగు మంచి మాటలు రాసి, మాకు మేలు చేశాననే ధీమాతో చదివి వినిపించారు. "కేంద్రం ఉన్న సిబ్బందితోనే సంతృప్తికరంగా పనిచేస్తున్నది. అదనంగా ఎవరూ అవసరం లేదు."

ఛైర్మన్ కలం లాక్కుని దాన్ని కొట్టేశారు. కింద, 'ఇక్కడ మనిషి లేడు. మనిషిని ఇవ్వాలి' అని రాశారు.

"నంబరు ఎక్కడ వేయమంటారు సార్?"

"నా నెత్తిన వెయ్యి."

మర్నాడు సాయంత్రం అక్కకు ఇదంతా చెప్పాను. నెత్తిన వేయమన్న మాట దగ్గర నవ్వింది. చాలా నెలలకు విన్నాను ఆ నవ్వు. తర్వాత, "ఆ పిల్ల తలుపు తీసిందా?" అని అడిగింది. తీసిందని పొద్దున ఛైర్మన్ ఫోన్ చేశారన్నాను. ఎంత బతిమాలినా తీయకపోతే వాళ్లమ్మ గుమ్మంలోనే పడుకుందట, అప్పుడు తీసిందట. డాక్టరు రాత్రి ఎనిమిదింటికి చూశారట.

సమావేశంలో పోస్టు ఏకగ్రీవంగా మంజూరైంది. ఏడు నెలలైంది. అర్హతలు ఏ శాఖ నిర్ణయించాలో తేలలేదని ఫైలు రెండు గదుల మధ్య తిరుగుతోంది. ఆ పోస్టులోకి ఇంకా ఎవరినీ తీసుకోలేదు.