ఆ కన్నం మూయకండి

ఆ యాప్ పేరు రాయను. రాస్తే అండమాన్‌లోని మా ఊరు చౌల్దారీలో టూరిస్టులకిచ్చే నా మూడు గదులు మళ్లీ మాయమైపోతాయి.

ఒకప్పుడు మా ఆయన కొండబాబు విమానాశ్రయం బయట బోర్డు పట్టుకు నిలబడి టూరిస్టులను తెచ్చేవాడు. తర్వాత ఈ యాప్ వచ్చింది. మొదట్లో కమీషనే వద్దంది. పోటీకొచ్చిన చిన్న యాపులను కొనేసింది. దీవుల్లో గదులున్న వాళ్లందరం చేరిపోయాక, ప్రతి అద్దెలో పావలా వంతు నాదంది. ఇప్పుడు అండమాన్‌కు వచ్చే ప్రతివాడూ గది ఫోన్‌లో చూసుకునే విమానం ఎక్కుతాడు. అందులో కనిపించని గది సముద్రంలో మునిగినట్టే లెక్క.

ఇక ఓటీపీ సంగతి. కంపెనీవాళ్ల ఊళ్లో అది చిటికెలో వస్తుందేమో, మా ఊళ్లో నాలుగు చినుకులు పడితే సిగ్నలే ఉండదు. ఒకరోజు ఎంతకీ రాకపోయేసరికి ఒళ్లు మండి, ఖాళీ గడి వదిలేసి 'ముందుకు' అన్న చోట టపటపా నొక్కాను. సిగ్నల్ పోయి మళ్లీ వచ్చింది. యాప్ తెరుచుకుంది! తీరా చూస్తే అవి నా గదులు కావు, బాంబూఫ్లాట్‌లో ఉండే గణేశ్వరరావు బావవి. మిడిల్ పాయింట్ బజారులో ఇద్దరం ఒకేసారి సిమ్ములు కొన్నాం, నంబర్లలో చివరి అంకె ఒక్కటే తేడా. అదే తప్పు కొట్టాను. వెంటనే బావకు ఫోన్ చేశాను.

"బావా, రేపు నీకాడికి చెన్నై పార్టీ వస్తంది. ఆళ్ల ఆధార్ కార్డులన్నీ నా ఫోన్‌లో కనబడతన్నాయి."

"ఓలమ్మో! నువ్వెలా సూసినావే?"

"ఓటీపీ లేకండానే తెరుసుకుంది. నాకు తెరుసుకున్నది దొంగోడికి తెరుసుకోదేటి?"

పక్కనుంచి కొండబాబు అడ్డుపడ్డాడు. "ఛోడ్ దో సుందరీ. పెద్దోళ్లతో మనకెందుకే?"

నేను వింటానా? కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ గోడకు కన్నం ఉంది, బావ ఇంట్లోకి పొరపాటున దూరి వచ్చాను, వెంటనే మూయించండి అని. టక్కున జవాబు వచ్చింది. 'మీ భద్రతే మా ఊపిరి. వేరొకరి ఖాతాలోకి వెళ్లినట్టు మీరే ఒప్పుకున్నందున మీ ఖాతా నిలిపివేశాం.'

కన్నం మాత్రం అలాగే ఉంది.

ఫోన్ చేసి తిడదామంటే వాళ్లకు నంబరే లేదు. సహాయం కావాలంటే ముందు ఖాతాలోకి రమ్మంటుంది. ఓరి మీ తెలివి తెల్లారా, మీరు మూసింది ఆ ఖాతానే కదరా! సీజన్ మొత్తానికి గదులు బుక్కయి ఉన్నాయి. ఎవరు ఎప్పుడొస్తారో నాకు కనబడదు. నేను జవాబివ్వకపోతే యాప్ వాళ్లను ఇంకొకరి ఇంటికి పంపేస్తుంది. ఆ గదులే మా కూడు.

"అరె, ఆ కన్నం ఇంకా ఉంది గదేటి? అందులోంచే దూరు," అన్నాడు కొండబాబు.

"నా ఇంట్లోకి నేను దొంగలా దూరాలా?"

"దూరకపోతే తినీదేటి?"

సిగ్నల్ తీసి, పెట్టి, ఖాళీ గడితోనే నొక్కాను. తెరుచుకుంది! వాళ్లు తాళం వేసింది వీధి గుమ్మానికే. నా గదులు, నా అతిథులు, వాళ్ల ప్రశ్నలు అన్నీ లోపల భద్రంగా ఉన్నాయి. ఏడుపొచ్చేసింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కన్నంలోంచి దిగి, పని చూసుకుని, కన్నంలోంచే బయటికి వస్తున్నాను. సీజన్ బ్రహ్మాండంగా నడుస్తోంది.

నిన్న కంపెనీ నుంచి మెయిల్. 'మీరు చెప్పిన లోపం నిజమేనని మా నిపుణులు తేల్చారు. వచ్చే అప్‌డేట్‌లో మూసేస్తాం. ధన్యవాదాలు.' నా ఖాతా తెరుస్తామన్న మాట ఎక్కడా లేదు.

ఆ కన్నం మూస్తే నా గదులూ మూసినట్టే. బావకు ఫోన్ చేశాను.

"మూసేస్తారా? బతికించినావే సుందరీ! నా కస్టమర్ల కార్డులు ఎవడు ఎత్తుకుపోతాడోనని నాకు నిద్దరే లేదు," అన్నాడు.

"మంచిది బావా," అని ఫోన్ పెట్టేశాను. తర్వాత కంపెనీకి జవాబు రాశాను.

'అయ్యా, నేనే పొరబడ్డాను. మా ఊళ్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు, అంతే. మీ గోడ చాలా గట్టిది. అందులో కన్నం ఏమీ లేదు. దయచేసి దాన్ని మూయకండి.'