సుగుణమ్మ కొవ్వు గోలీలు

కట్టంగూర్ బ్యాండులో ట్రంపెట్ ఊదే డానియల్‌కు దేవుడు రెండే ఇచ్చాడు. ఒకటి ముందు వరుసలో జాగా, రెండోది ఛాతీలో పిల్లికూతలు. మొదటిది మండలమంతా ఎరుగుదురు. రెండోదాన్ని పదేళ్ళుగా ఇల్లు దాటనివ్వకుండా దాచుకొస్తున్నాడు.

కూతురు గ్రేస్ నల్లగొండలో ఒక దవాఖానలో నర్సు. తండ్రి దమ్ముకు, అంటే ఆస్తమాకు, పీల్చే పంపు తెచ్చిచ్చి, పొద్దుమాపు వాడమని నేర్పింది. ఆ పంపును చూస్తేనే డానియల్‌కు తల తీసేసినట్టుండేది. జీవితమంతా ఊదినవాడు ఇప్పుడు పీల్చుకుంటూ కూర్చోవాలా? పైగా వెనక వరుసలో రెండో ట్రంపెట్ పట్టుకుని శివకృష్ణ కాచుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, ఛాతీ తలుపంత ఉంటుంది. డానియల్ కాస్త దగ్గితే చాలు, "ఏం కాకా, పాణం బాగలేదా? ముందట నేను నిలబడ్త తియ్యి" అనేవాడు. ఆ ప్రేమకు వాడి పళ్ళు రాలగొట్టాలనిపించేది. పంపు సంగతి బయటపడిన రోజు తాను వెనక్కీ వాడు ముందుకూ పోవడం ఖాయమని డానియల్‌కు తెలుసు.

ఇలా ఉండగా ఒకరోజు హైవే పక్క హోటల్లో మిర్చి బజ్జీలు తింటూ, వాటిని కట్టిచ్చిన పేపరు ముక్క చదివాడు. 'కొలెస్ట్రాల్ మాత్రలతో ఆస్తమాకు విరుగుడు?' అని హెడ్డింగు. చివర ప్రశ్న గుర్తు ఉంది గానీ, రోజూ బైబిలు చదివి నమ్మే డానియల్ అలాంటి అనుమానాలకు జంకే మనిషి కాదు. కింద చిన్న అక్షరాల్లో ఇంకా చాలానే రాశారు. అప్పటికే బజ్జీలు చల్లారిపోతున్నాయి.

ఆ మాత్రలకు ఇంట్లో కొదవేం లేదు. భార్య సుగుణమ్మకు కొవ్వు పెరిగిందని డాక్టరు రాసిచ్చాడు. ఆమె నిండైన మనిషి, ఆయన ఎండిన తుమ్మకట్టె. ఒకే ఇంట్లో ఇద్దరికి సమంగా పంచడం కూడా దేవుడికి చేతకాలేదని డానియల్‌కు ఎప్పటినుంచో ఫిర్యాదు ఉంది. ఆ లెక్క తానే సరిచేద్దామని, పంపును అటకమీదికి విసిరేసి, భార్య డబ్బాలోంచి రోజుకో గోలీ మాయం చేయడం మొదలుపెట్టాడు.

అయితే ఒక భయం పట్టుకుంది. ఈ గోలీ కొవ్వును కరిగిస్తుంది. తన ఒంట్లో కొవ్వే లేదాయె. కరిగించడానికేమీ దొరక్కపోతే అది ఊరికే ఉంటుందా? పోయి ఊపిరితిత్తుల మీద పడదూ? ఏ మందుకైనా పథ్యం ఉండాలన్నది పెద్దలు చెప్పిన మాటే కదా. కాబట్టి గోలీకి మేత వేయాలని నిర్ణయించుకుని, మటన్ హోటల్లో కొవ్వు ముక్కలు ఏరి మరీ వడ్డించుకున్నాడు. అంత భక్తిగా పథ్యం చేసిన రోగి ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నాలుగు రోజులు హాయిగానే గడిచాయి. పీల్చిన పంపు మందు సత్తువ ఇంకా ఒంట్లో ఉందన్న సంగతి ఆయనకేం తెలుసు? ఘనతంతా గోలీకే ఇచ్చాడు.

"నా గోలీలు ఎలుకలు తింటున్నయా ఏంది?" అంది సుగుణమ్మ డబ్బా ఊపి చూసి.

"ఎలుకలకు గూడ కొవ్వు పెరిగిందేమో."

సుగుణమ్మ మొగుడి మూతి వాసన చూసింది. నాలుగు మాటలు అడిగేసరికి పేపరు ముక్కతో సహా అంతా బయటికొచ్చింది. "నాకు గడ్డి దినమని చెప్పి నువ్వు మాంసం దింటున్నవా? నా గోలీలు మింగి?" అని ఆమె చేసిన రభసకు అంతు లేదు. చివరికి కూతురికి ఫోన్ కలిపి ఆయన చెవికి ఆనించింది.

"బాపూ, నువ్వు సదివింది అబద్ధం గాదు" అంది గ్రేస్. "గా గోలీలు దమ్ముకు పనిచేస్తయా అని చూస్తుండ్రు. కొందరికి ఫాయిదా అయినట్టు కనవడ్తాంది, కొందరికి ఏం గాలే. ఇంక తేలలే. తేలినా పంపు తోటి కలిపి ఇస్తరేమో గని, పంపు బంద్ పెట్టమని ఎవ్వలు చెప్పలే. పీలుస్తున్నవా, లేదా?"

"పీలుస్తున్న బిడ్డా."

'అబద్ధం గాదు' అన్న మొదటి మాట దగ్గరే ఆయన వినడం ఆపేశాడు.

ఆ వారమే తిరుమలగిరిలో పెళ్ళి. మే నెల ఎండ. ఎదుర్కోలుకు పెళ్ళికొడుకు కృష్ణకాంత్ గుర్రమెక్కి వస్తున్నాడు. ముందు డానియల్, వెనక బ్యాండు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎవడో పటాకుల లడీ అంటించాడు. పొగ దట్టంగా కమ్ముకుంది. డానియల్ పాట ఎత్తుకున్నాడు, సగంలో ఊపిరి చిక్కలేదు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి ట్రంపెట్ మోగలేదు, ఛాతీ మోగింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చుట్టూ జనం చేరి, నీళ్ళు తాగించమని ఒకడు, చెప్పు వాసన చూపించమని ఒకడు సలహాలిస్తున్నారు. చచ్చిపోతున్నానని ఆయనకు నిజంగానే అనిపించింది.

అంతలో పెళ్ళికొడుకు గుర్రం మీంచి దూకాడు. షేర్వానీ లోపలి జేబులోంచి నీలం రంగు పంపు తీసి డానియల్ నోట్లో పెట్టాడు.

"ఊదకు కాకా. పీల్చు. మెల్లగ పీల్చు."

పీల్చాడు. కాసేపాగి మళ్ళీ పీల్చాడు. మెల్లగా లోకం వెనక్కి వచ్చింది. వచ్చిన లోకంలో మొదట కనిపించింది పెళ్ళికూతురి మేనమామ మీసం.

"అల్లుడా" అన్నాడాయన. "గది నీ జేబుల ఎందుకున్నది?"

కృష్ణకాంత్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఆ ముఖాన్ని డానియల్ రోజూ అద్దంలో చూసేవాడే. పాపం, పిల్లవాడి మీద చెప్పలేనంత జాలి కలిగింది.

"నాదే సారూ" అన్నాడు డానియల్. "దమ్ము నాకే. గీ డ్రెస్సుకు జేబుల మూతలే ఉన్నయి, జేబుల్లెవ్వు. జర పట్టుకొమ్మని పిల్లగానికిచ్చిన."

మాట నోరు దాటగానే బ్యాండు మొత్తం ఆయన వైపు చూసింది. బ్యాండు సేటు ఇంకేమీ అడగలేదు, శివకృష్ణను ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. వాడు వచ్చి నిలబడ్డాడు. డానియల్ పంపును టోపీ కింద పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఇక ఇంటికి పోదామంటే ఎలా పోతాడు? పెళ్ళికొడుకు ఊపిరి తన టోపీ కింద ఉంది. బ్యాండు వాళ్ళ హద్దు గేటు దాకానే. అయినా లోపలికి వెళ్ళి మండపం మెట్ల దగ్గర నిలబడ్డాడు. వడ్డించేవాళ్ళు ఇద్దరు అదోలా చూసిపోయారు. తాళి కట్టడం అయింది, తలంబ్రాలూ అయ్యాయి. హోమం రాజేశాక పొగకు కృష్ణకాంత్ దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గుతూనే డానియల్ కోసం కళ్ళతో వెతికాడు.

డానియల్ మెట్లెక్కాడు.

"నీకేం పని ఈడ?" అన్నాడు మేనమామ.

జవాబు పెళ్ళికూతురు చెప్పింది. పూజ తల కూడా ఎత్తలేదు, పసుపు చెయ్యి మాత్రం చాపింది. "గా పంపు ఇటియ్యి కాకా." తీసుకుని మొగుడి చేతిలో పెట్టింది. "నాకు ముందే చెప్పిండు మామా. నువ్వు లొల్లి పెడ్తవని నీకు చెప్పలే. ఇగ కూసో."

మేనమామ కూర్చున్నాడు. కృష్ణకాంత్ అందరి ముందూ పీల్చాడు. ఎవరూ మూర్ఛపోలేదు. హోమం ఆగలేదు.

డానియల్ ఆ పంపు వైపే చూశాడు. ఇంత తేలికగా తేలిపోయే గుట్టు కోసమా తన జాగా పోగొట్టుకున్నది? బయట శివకృష్ణ తన పాటే ఊదుతున్నాడు. ఆ దొంగవెధవ బాగా కూడా ఊదుతున్నాడు.

డానియల్ చెయ్యి చాపాడు.

"నాక్కూడ ఒక్కపారి ఇయ్యి బిడ్డా" అన్నాడు, మండపమంతా వినపడేట్టు. "బయట నా జాగల వేరేటోడు ఊదుతుండు."